వీరనారి చాంద్ సుల్తానా

మన దక్కను చరిత్రలో చాంద్ బీబీ పేరు వినని వారు అరుదు. కత్తి చేతబట్టి అహమద్ నగర్ కోట గోడమీద నిలబడి, అక్బరు పాదుషా ఫౌజును ఎదిరించిన రాణి అని చిన్నప్పుడే చదువుకున్నాం. చాలామందికి తెలిసింది అంతవరకే. ఆ తర్వాత ఆమె ఏమైంది? ఎవరి చేతిలో మరణించింది? ఎందుకు మరణించింది? ఈ ప్రశ్నలు అడిగేవారు తక్కువ. కాని ఆమె జీవితంలో మనం నేర్చుకోవలసిన అసలు పాఠం అక్కడే ఉంది.

ఆడవాళ్లు యుద్ధరంగానికి పనికివస్తారా లేదా అన్న చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది. నాలుగు వందల ఏళ్ల క్రితమే ఈ ప్రశ్నకు మన దక్కనులో జవాబు దొరికింది. అయితే ఆ జవాబును పూర్తిగా వినడానికి అప్పటివారు సిద్ధపడలేదు. ఆ కథనే ఈ నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

పుట్టిల్లు, తల్లి

చాంద్ బీబీ సుమారు 1550 ప్రాంతంలో అహమద్ నగర్ రాజ్యంలో పుట్టింది. తండ్రి హుసేన్ నిజాం షా. తల్లి ఖుంజా హుమాయూన్. బహమనీ రాజ్యం ముక్కలై అహమద్ నగర్, బీజాపూరు, గోల్కొండ, బీదరు, బేరారు అని అయిదు రాజ్యాలు ఏర్పడిన కాలం అది. ఈ అయిదుగురిలో ఎవరు ఎప్పుడు ఎవరితో కలుస్తారో, ఎవరిమీద కత్తి దూస్తారో చెప్పడం కష్టం. ఇవాళ వియ్యం, రేపు కయ్యం.

ఆ వియ్యాలలో భాగంగానే చాంద్ బీబీ పెళ్లి జరిగింది. విజయనగరం మీదికి కలిసి పోవాలని సుల్తానులు ఒక మాటమీదికి వచ్చినప్పుడు, ఆ పొత్తు గట్టిపడాలని ఆమెను బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాకు ఇచ్చి నికాహ్ చేశారు. సోలాపూరు కోట ఆమెతోపాటు కట్నంగా వెళ్లింది. అప్పటికామె పట్టుమని పదిహేనేళ్లు లేని పిల్ల. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం జరిగి విజయనగరం ఓడిపోయింది. అదే సంవత్సరం హుసేన్ నిజాం షా కూడా కన్నుమూశాడు.

ఇక్కడ ఆమె తల్లి సంగతి కొంచెం చెప్పుకోవాలి. భర్త పోయేనాటికి కొడుకు ముర్తజా చిన్నవాడు. కనుక ఖుంజా హుమాయూన్ కొన్నేళ్లపాటు తానే రాజ్యం నడిపింది. దర్బారులో కూర్చున్నది, ఫౌజుతోపాటు తానూ కదిలింది. కొందరు సర్దారులకు ఇది కంటగింపు అయింది. కొడుకు పెద్దవాడు కాగానే అతన్ని ఎగదోసి ఆమెను బంధించి ఖైదులో పెట్టించారు. అంతటితో ఆగలేదు. హుసేన్ నిజాం షాను కీర్తిస్తూ రాసిన తారీఫె హుసేన్ షాహీ అనే చేతివ్రాత గ్రంథం ఒకటి నేటికీ పూణేలో ఉంది. అందులో సుల్తాను పక్కన రాణి కూర్చున్న చక్కని బొమ్మలుండేవి. ఎవరో చాలా బొమ్మల్లో రాణి రూపాన్ని చెరిపివేశారు. సుల్తాను ఉన్నాడు, సింహాసనం ఉంది, పక్కన రాణి ఉండవలసినచోట మరక మాత్రం మిగిలింది. ఇలాంటి తల్లి కడుపున పుట్టిన బిడ్డ చాంద్ బీబీ.

బీజాపూరులో

అత్తింట ఆమెకు మంచి ఆదరణ దొరికింది. అలీ ఆదిల్ షా చదువరి. పుస్తకాలంటే ప్రాణం. భార్యను అంతఃపురానికే పరిమితం చేయక, వేటకు, దండయాత్రలకు వెంట తీసుకొనిపోయేవాడు. ఆమె పేరిట బీజాపూరులో చాంద్ బావడి అనే పెద్ద దిగుడుబావి త్రవ్వించాడు. అరబ్బీ, ఫారసీ, తుర్కీ, మరాఠీ, కన్నడం ఆమెకు వచ్చునని, సితారు వాయించేదని, పూల బొమ్మలు గీయడం ఆమెకు సరదా అని చెబుతారు. గుర్రపు స్వారీలో మాత్రం ఆమెకు సాటి లేదన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. తర్వాతి కాలంలో హైదరాబాదు చిత్రకారులతో సహా దక్కను చిత్రకారులు ఆమెను గుర్రంమీద, చేతిమీద డేగతో, మళ్లీ మళ్లీ గీశారు. తల్లి బొమ్మను చెరిపారు గాని కూతురి బొమ్మను చెరపలేకపోయారు!

1580లో అలీ ఆదిల్ షా హత్యకు గురయ్యాడు. సంతానం లేదు. తమ్ముడి కుమారుడు ఇబ్రహీం తొమ్మిదేళ్ల బాలుడు. అతన్ని గద్దెమీద కూర్చోబెట్టి పెంపకం భారం చాంద్ బీబీ మీద పెట్టారు. అప్పటికి ఆమె ముప్పయి ఏళ్ల వితంతువు. పరదా వెనుక కూర్చొని దర్బారు జరిపించేది. పక్కన ఇబ్రహీంను కూర్చోబెట్టుకొని రాజ్య వ్యవహారాలు ఎలా నడవాలో నేర్పేది.

కాని సర్దారులు ఊరకుంటారా! మొదట కామిల్ ఖాన్ అనే వజీరు ఆమె మాటను లెక్కచేయక పెత్తనం తన చేతుల్లోకి తీసుకున్నాడు. అతన్ని తొలగించడానికి ఆమె కిష్వర్ ఖాన్ సాయం తీసుకుంది. అతడు అంతకు మించినవాడయ్యాడు. తన అధికారానికి అడ్డు వస్తున్నదని రాణినే పట్టి సతారా కోటలో ఖైదు చేయించాడు. ఈ అన్యాయానికి ఫౌజు తిరగబడింది. కిష్వర్ ఖాన్ పారిపోయి చివరకు గోల్కొండ చేరి, అక్కడ ఒక పాత పగకు బలి అయ్యాడు. చాంద్ బీబీ తిరిగి బీజాపూరు వచ్చింది.

ఈ లోపల ఇంటి తగవులు పొరుగువారికి అలుసు అయ్యాయి. అహమద్ నగర్ ఫౌజు, అప్పుడే గద్దెనెక్కిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా గోల్కొండ ఫౌజు కలిసి బీజాపూరును ముట్టడించాయి. నగరం లోపల సిపాయిలు తక్కువ, సర్దారులలో ఐకమత్యం అంతకంటే తక్కువ. ఎదుట నిలిచింది ఎవరు? తన పుట్టింటి సైన్యమే. తన సొంత సోదరుడి ఫౌజే. ఆమె పుట్టిల్లు మెట్టినిల్లు అని తడబడలేదు. తనను నమ్మిన పసివాడి గద్దె కాపాడడం తన విధి అనుకున్నది. వానలకు కోట గోడ ఒకచోట కూలితే, ఆ జడివానలోనే అక్కడికి వెళ్లి, కాపలా పెట్టించి, గోడ నిలబెట్టించింది. హబ్షీ సర్దారులకు నచ్చచెప్పి, అందరికీ సమ్మతమైన షా అబుల్ హసన్ చేతికి పాలన అప్పగించింది. మరాఠా గుర్రపు దళాలు బయట తిరుగుతూ శత్రువుకు గింజ అందకుండా చేశాయి. ముట్టడిదారులు విసిగి వెనక్కి మళ్లారు.

ఇబ్రహీం పెరిగి పెద్దవాడయ్యాడు. దక్కను సుల్తానులలో సంగీతానికి, సాహిత్యానికి పేరుబడ్డ ఇబ్రహీం ఆదిల్ షా ఇతడే. 1584 ప్రాంతంలో ఇబ్రహీం చెల్లెలిని అహమద్ నగర్ యువరాజుకిచ్చి పెళ్లి చేసినప్పుడు, ఆ పెళ్లికూతురికి తోడుగా చాంద్ బీబీ పుట్టింటికి వెళ్లింది.

నాలుగు ముక్కలైన ఇల్లు

అక్కడి పరిస్థితి ఏమని చెప్పను! సోదరుడు ముర్తజాకు మతి చలించింది. 1588లో కొడుకే అతన్ని చంపాడు. ఆ కొడుకును సర్దారులు మరుసటి ఏడే చంపారు. తర్వాత ఇంకొక సోదరుడు బుర్హాన్ కొన్నేళ్లు ఏలి 1595లో పోయాడు. అతని కొడుకు ఇబ్రహీం నిజాం షా నెలలు తిరక్కుండానే బీజాపూరు వారితో యుద్ధంలో కూలాడు. మిగిలింది అతని పసికందు బహదూర్.

ఇక సర్దారులు నాలుగు దిక్కులయ్యారు. మియాన్ మంజూ అనే దక్కనీ సర్దారు అహమద్ అనే కుర్రవాణ్ణి రాజవంశం వాడని చెప్పి గద్దెనెక్కించాడు. ఇఖ్లాస్ ఖాన్ అనే హబ్షీ సర్దారు మరొకణ్ణి తెచ్చాడు. ఆహంగ్ ఖాన్ అనే ఇంకొక హబ్షీ డెబ్బయి ఏళ్ల ముసలాయన్ను నిలబెట్టాడు. చాంద్ బీబీ ఒక్కతే అసలు వారసుడైన పసివాడు బహదూర్ పక్షాన నిలిచింది. తన మాట నెగ్గదేమోనన్న భయంతో మియాన్ మంజూ చేయరాని పని చేశాడు. గుజరాతులో ఉన్న అక్బరు కుమారుడు షాజాదా మురాద్‌కు కబురు పంపి సాయానికి రమ్మన్నాడు. మొగలులు ఇలాంటి పిలుపు కోసమే చూస్తున్నారు. మురాద్, ఖాన్ ఖానాన్ అబ్దుర్రహీం, ఖాందేశ్ పాలకుడు రాజా అలీ ఖాన్ పెద్ద ఫౌజుతో బయలుదేరి 1595 డిసెంబరులో అహమద్ నగర్ ముందు దిగారు. అప్పుడు గాని మియాన్ మంజూకు తెలివి రాలేదు. కోటను తన మనిషి అన్సార్ ఖాన్‌కు వదిలిపెట్టి, తాను సరిహద్దుకు జారుకున్నాడు.

ఆ ఘడియలో కోటను చేతిలోకి తీసుకున్నది చాంద్ బీబీ. అన్సార్ ఖాన్ హతుడయ్యాడు. బహదూర్‌ను సుల్తానుగా చాటించింది. బురుజు బురుజుకూ మనుషులను నియమించింది. బయట మిగిలిన సర్దారులకూ, బీజాపూరుకూ, గోల్కొండకూ కబుర్లు పంపింది. నిన్నటిదాకా ఒకరి గొంతు ఒకరు కోసుకోవాలని చూసినవారిని, ఇది ఒక్కరి ఇల్లు కాదు, దక్కనంతా తగలబడుతుందని ఒప్పించడానికి ప్రయత్నించింది. బీజాపూరు నుండి తాను పెంచిన ఇబ్రహీం సేనాని సుహేల్ ఖాన్‌ను ఫౌజుతో పంపాడు. గోల్కొండ గుర్రపు దళం కూడా వచ్చి కలిసింది. పధ్నాలుగేళ్ల క్రితం తాను బీజాపూరు గోడమీద నిలిచి ఎదిరించిన గోల్కొండవారే ఇప్పుడామె పిలుపుకు కదిలారు.

కూలిన గోడ

మొగలులు కోట గోడ కిందికి అయిదు సొరంగాలు త్రవ్వి మందుగుండు కూరారు. తెల్లవారి నిప్పంటించాలని ఏర్పాటు. మొగలు శిబిరంలోనే ఉన్న ఖ్వాజా ముహమ్మద్ ఖాన్ షీరాజీ అనే ఆయనకు ఈ కోటవాసుల ధైర్యం చూసి మనసు కరిగింది. రాత్రివేళ కోటకు వచ్చి సొరంగాలు ఎక్కడెక్కడ ఉన్నవో చెప్పివేశాడు. చాంద్ బీబీ ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. రాత్రికి రాత్రే లోపలినుండి ఎదురు త్రవ్వకం మొదలుపెట్టించింది. రెండు సొరంగాలు దొరికాయి, మందు తీసివేశారు. మూడోదాన్ని ఖాళీ చేస్తుండగా మొగలులు నిప్పుపెట్టారు. గోడలో పెద్ద భాగం ఆకాశానికి ఎగిరింది. త్రవ్వుతున్నవారు చాలామంది అక్కడే సమాధి అయ్యారు.

ఆ శబ్దానికి, ఆ దృశ్యానికి మగసర్దారులే బెదిరి స్థానాలు వదిలి పరుగుతీశారు. ఆ సమయంలో చాంద్ బీబీ కవచం తొడుక్కొని, ముఖాన ముసుగు వేసుకొని, చేతిలో దూసిన కత్తితో కూలిన గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. రాణి అక్కడ నిలబడిందని చూసి పారిపోయినవారు సిగ్గుపడి తిరిగివచ్చారు. ఫిరంగులు, తుపాకులు, బాణాలు, అందినదల్లా తెచ్చి ఆ సందులో అడ్డం పెట్టారు. మిగతా సొరంగాలు కూడా పేలుతాయని మొగలులు చాలాసేపు ఎదురుచూశారు. అవి పేలలేదు. సాయంత్రం మొదలైన దాడి చీకటి పడేదాకా సాగింది. దాడిమీద దాడి చేశారు. కందకం శవాలతో నిండింది గాని, కోటలో అడుగుపెట్టలేకపోయారు.

గుండ్లు అయిపోతే రాగి నాణేలు, అవి అయిపోతే వెండి, ఆపైన బంగారం, చివరకు నగలు కూడా ఫిరంగుల్లో వేసి పేల్పించిందని జనం చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గాని, ఆమెమీద జనానికున్న అభిమానం మాత్రం అందులో తెలుస్తుంది. నిజమైన గొప్పతనం ఆ రాత్రి జరిగిన పనిలో ఉంది. శత్రువు వెనక్కి తగ్గి అలసి నిద్రపోగా, ఆమె నిద్రపోలేదు. తెల్లవారేసరికి కూలినచోట నిలువెత్తు గోడ మళ్లీ లేచింది. మొగలులు కళ్లు నులుముకొని చూశారు. చాంద్ బీబీ అన్న పేరు పోయి చాంద్ సుల్తానా అన్న పేరు ఆనాటినుండే వచ్చిందని, అదే కాలంలో బీజాపూరులో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా చెబుతున్నాడు.

చివరకు రెండు పక్షాలకూ తిండి కరువైంది. బీజాపూరు, గోల్కొండ ఫౌజులు దగ్గరపడుతున్నాయి. మురాద్‌కూ ఖాన్ ఖానాన్‌కూ పొసగడం లేదు. 1596 తొలినాళ్లలోనే సంధి కుదిరింది. బేరారును మొగలులకు వదిలి, బహదూర్‌ను అహమద్ నగర్ సుల్తానుగా ఒప్పించుకున్నది. బేరారు పోవడం ఆమెకు ఇష్టమై కాదు. ఎంత నిలుపుకోగలమో, ఎంత వదులుకోక తప్పదో లెక్క తెలిసిన మనిషి.

మాట వినని మనుషులు

గండం గడిచింది గదా, ఇక సుఖంగా ఉండవచ్చునంటే అదీ లేదు. ఆపదలో ఆమె చాటున దాగినవారే, ఆపద తీరగానే ఆడదాని పెత్తనమేమిటి అన్నట్టు ప్రవర్తించారు. పేష్వాగా చేసుకున్న ముహమ్మద్ ఖాన్ ఎదురుతిరిగాడు. అతన్ని తొలగించి ఆహంగ్ ఖాన్‌ను పెట్టుకుంటే, అతడు రాణినే బంధించాలని చూశాడు. ఆమె ముందే పసిగట్టి కోట తలుపులు మూయించింది. పేష్వా తన రాణి కోటనే ముట్టడించాడు!

బయట బేరారు సరిహద్దుల విషయంలో మళ్లీ యుద్ధం వచ్చింది. 1597లో గోదావరి తీరాన సోన్‌పేట్ సమీపంలో బీజాపూరు, గోల్కొండ, అహమద్ నగర్ ఫౌజులు మూడూ కలిసి మొగలులతో పోరాడాయి. మొగలుల పక్షాన రాజా అలీ ఖాన్ చనిపోయాడు. అయినా గెలుపు ఖాన్ ఖానాన్‌దే అయింది. దక్కను ఐక్యత అక్కడే సడలింది.

1599లో మురాద్ మరణించాడు. అక్బరు తన మరొక కుమారుడు దానియాల్‌ను పంపి, తానుకూడా దక్కను వైపు కదిలాడు. ఆహంగ్ ఖాన్ నిలబడలేక జున్నరు వైపు పారిపోయాడు. 1600లో కోట చుట్టూ మళ్లీ మొగలు ఫౌజు, కోట గోడ కింద మళ్లీ సొరంగాలు. ఈసారి బయటనుండి వచ్చి ఆదుకునే వారు లేరు. లోపల ఒకరినొకరు నమ్మేవారు లేరు.

చాంద్ సుల్తానా పరిస్థితి బాగా ఆలోచించింది. ఇప్పుడు పోరాడితే కోట పోతుంది, ప్రాణాలూ పోతాయి. షరతులమీద కోటను అప్పగించి, బాల సుల్తానును, మనుషులను, ధనాన్ని తీసుకొని జున్నరు చేరితే రాజ్యం మిగులుతుంది. మరొక రోజు పోరాడవచ్చు. ఈ ఆలోచనను హమీద్ ఖాన్ అనే సర్దారుకు చెప్పింది. అతడు బయటికి పోయి, రాణి మొగలులకు అమ్ముడుపోయిందని వీధుల్లో కేకలు పెట్టాడు. విన్నవారు నిజం ఏమిటని విచారించలేదు. గుంపుగా ఆమె మహలులోకి దూరి ఆమెను చంపివేశారు. అప్పటికామెకు సుమారు యాభయి ఏళ్లు.

ఫలితం ఏమయింది? కొద్ది రోజులకే సొరంగాలు పేలాయి. గోడలు కూలాయి. కూలిన గోడ దగ్గర ఈసారి కత్తి దూసి నిలబడడానికి ఎవరూ లేరు. 1600 ఆగస్టులో కోట మొగలుల వశమైంది. లోపలివారు అనేకులు చచ్చారు. బాల సుల్తాను బహదూర్‌ను గ్వాలియరు కోటలో ఖైదు చేశారు. ఆమె చెప్పిన మాట వింటే దక్కేదంతా, వినకపోవడంవల్ల పోయింది.

మనకు పాఠం

పాఠకులు ఒక్కసారి ఆలోచించండి. ఆమె కత్తి పట్టినప్పుడు సిపాయిలకు అభ్యంతరం లేదు. ఆమె గోడమీద నిలబడితే వెనుక నిలబడ్డారు. సుల్తానా అని బిరుదిచ్చి నెత్తిన పెట్టుకున్నారు. అదే ఆమె సేనాధిపతిగా ఆలోచించి వెనక్కి తగ్గుదాం అన్నప్పుడు ద్రోహి అన్నారు. వెనక్కి తగ్గడం కూడా యుద్ధంలో ఒక భాగమే. 1596లో బేరారు ఇచ్చి సంధి చేసినప్పుడు ఆమె చేసింది అదే. మగ సేనాపతి చేస్తే దాన్ని తెలివి అంటారు. ఆమె ధైర్యాన్ని ఒప్పుకున్నారు గాని, ఆమె ఆజ్ఞను ఒప్పుకోలేదు. తల్లికి జరిగిందే కూతురికీ జరిగింది.

ఇదంతా పాతకథ అని తోసివేయడానికి లేదు. మన సైన్యంలో డాక్టర్లుగా, నర్సులుగా ఆడవాళ్లు ఎప్పటినుండో ఉన్నా, ఇతర విభాగాలలో అధికారిణులుగా తీసుకోవడం 1992లో మొదలయింది. 2016లో ముగ్గురు యువతులు వాయుసేన యుద్ధ విమానాలు నడిపే పైలట్లయ్యారు. సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్, పటాలాలకు నాయకత్వం వహించే అవకాశం ఇవ్వాలా అన్న కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ప్రభుత్వం తరఫున చెప్పిన కారణాలలో ఒకటి గమనించదగ్గది. సిపాయిలు ఎక్కువగా పల్లెటూళ్లనుండి వచ్చినవారని, ఆడ అధికారి కింద పనిచేయడానికి వారి మనసు ఇంకా సిద్ధంగా లేదని వాదించారు. ఆడవాళ్లకు చేతకాదని కాదు, మగవాళ్లు ఒప్పుకోరని! 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. మారవలసింది మనస్తత్వమేనని తేల్చింది. పదాతి, ట్యాంకు దళాల వంటి ముఖాముఖి పోరాట విభాగాల జోలికి మాత్రం ఆ తీర్పు పోలేదు. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో తొలిసారి ఆడపిల్లలు కాడెట్లుగా చేరారు. 2023లో ఫిరంగి దళంలోనూ మహిళా అధికారులు అడుగుపెట్టారు. ఫిరంగులను కూలిన గోడ సందులోకి ఈడ్పించి నిలబెట్టిన చాంద్ సుల్తానాకు ఇది వింతగా తోచేది కాదు.

ఆ అహమద్ నగర్ కోట ఇంకా నిలిచే ఉంది. 1942లో నెహ్రూ, మౌలానా ఆజాద్ మొదలైన నాయకులను ఆంగ్లేయులు బంధించి ఉంచింది ఆ కోటలోనే. మౌలానా గారి గుబారె ఖాతిర్ పుట్టింది అక్కడే. ఆ ఊరి పేరు 2024లో అహల్యానగర్ అయింది. అహల్యాబాయి హోల్కర్ కూడా రాజ్యమేలిన స్త్రీయే. ఊరికి కొద్ది దూరంలో కొండమీద అష్టకోణాల కట్టడం ఒకటి ఉంది. జనం దాన్ని చాంద్ బీబీ మహల్ అంటారు. నిజానికి అది సలాబత్ ఖాన్ అనే మంత్రి సమాధి. ఆమె ఎన్నడూ ఉండని కట్టడానికి ఆమె పేరు పెట్టుకొని జనం తమ ఋణం తీర్చుకున్నారు కాబోలు.

ఆడపిల్లకు ధైర్యం నేర్పాలని అందరం అంటాం. మంచిదే. దానితోపాటు మన మగపిల్లలకు ఒక ఆడమనిషి తెలివైన మాట చెబితే విని నడుచుకోవడం కూడా నేర్పాలి. ఇది సైన్యంలో మాత్రమే కాదు, ఇంట్లో, బడిలో, సంఘంలో కూడా పనికివచ్చే సంగతి. చాంద్ సుల్తానాకు ధైర్యం తక్కువై అహమద్ నగర్ పోలేదు. ఆమె మాట వినే చెవులు తక్కువై పోయింది.